కొత్త విండోస్ ఎక్కించాలా? ముందు ఆ కంప్యూటర్ చేసే పని చూడండి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అప్పటినుంచి ఒడిశాలోని మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజార్లలో రెండు మాటలు తిరుగుతున్నాయి. పాత కంప్యూటర్లు ఇక పనికిరావు, కొత్తది కొనాల్సిందే అన్నది ఒకటి. ఏమీ కాదు, నడిచినన్నాళ్లు నడపండి అన్నది రెండోది. రెండూ తప్పే. కంప్యూటర్ మునుపటిలాగే తెరుచుకుంటుంది, ప్రింటు కూడా తీస్తుంది. కానీ ఆ తేదీ తరువాత బయటపడే లోపాలను మామూలుగా మూసేవారు ఉండరు. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ దాడి మే 12న మొదలైంది. అది వాడుకున్న లోపానికి విరుగుడు మార్చి 14కే వచ్చేసింది. ఆ రెండు నెలల్లో అప్‌డేట్ వేసుకోని యంత్రాలే ఎక్కువగా దానికి చిక్కాయి. మన పొరుగున ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి. విరుగుడు చేతికి వచ్చాక కూడా అంత నష్టం జరిగింది. ఇప్పుడు విండోస్ 10కు ఆ విరుగుడే మామూలుగా రాదు.

అందుకే, డబ్బు లావాదేవీలు జరిగే కంప్యూటర్ ఒక లెక్క, పెళ్లికార్డులు కొట్టే కంప్యూటర్ ఇంకో లెక్క. రెండింటికీ ఒకే సలహా చెప్పే దుకాణదారు మాట నమ్మవద్దు.

ఆధార్ వేలిముద్రతో డబ్బు ఇచ్చే కేంద్రాలు, డిజిటల్ సంతకంతో దరఖాస్తులు పెట్టేవారు, నెట్‌బ్యాంకింగ్ చేసే వ్యాపారులు విండోస్ 10 మీద ఇంక ఉండకూడదు. ముందు ఆ యంత్రం విండోస్ 11ను తీసుకుంటుందో లేదో చూసుకోండి. దీనికి డబ్బు ఖర్చు లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఇంటెల్ అయితే చాలావరకు ఎనిమిదో తరం నుంచే అర్హత. ఐ3-8100లో గీత తరువాతి మొదటి అంకె 8, అంటే ఎనిమిదో తరం కాబట్టి సరిపోతుంది. మన దగ్గర ల్యాప్‌టాప్‌లలో బాగా కనిపించే ఐ3-6006యూ ఆరో తరం, ఐ5-7200యూ ఏడో తరం. ఆ రెండూ కుదరవు. నాలుగు అంకెలున్నా ఐ3-1005జీ1 మాత్రం పదో తరం, అక్కడ పొరబడవద్దు. ఏఎండీలో చాలావరకు రైజెన్ 2000 వరుస నుంచి అర్హత. అదే పేజీలో ‘32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్’ అని ఉంటే మామూలు అప్‌గ్రేడ్ జరగదు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు, డిస్కు తుడిచి కొత్తగా వేయాలి.

తరువాత విండోస్ మీటతో ఆర్ నొక్కి, ఇంగ్లిష్ అక్షరాల్లో టీపీఎం.ఎంఎస్‌సీ (tpm.msc) అని కొట్టండి. టీపీఎం అంటే రహస్య తాళాలను దాచే భద్రతా చిప్, విండోస్ 11కు అది ఉండాలి. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని రావాలి. ‘టీపీఎం దొరకలేదు’ అని వచ్చినంత మాత్రాన లేదని కాదు. ఎనిమిదో తరం బోర్డుల్లో అది చాలాసార్లు బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లో, ఆపేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డులో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని వెతికి ఎనేబుల్ చేస్తే సరిపోతుంది. ఈ ఒక్క మీట తెలియక మంచి కంప్యూటర్‌ను పాతసామానుకు వేసేవారున్నారు.

ఇక అదే పెట్టెలో ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) కొట్టి ‘బయాస్ మోడ్’ చూడండి. యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉంటే మంచిదే. లెగసీ అని ఉంటే డిస్కు విభాగాల పట్టిక పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్నట్టు. అలాంటప్పుడు బయాస్‌లో నేరుగా యూఈఎఫ్‌ఐకి మారిస్తే విండోస్ అసలు తెరుచుకోదు. చాలామంది చేసేది ఇదే, ఆ తరువాత డిస్కు పోయిందనుకుని ఫార్మాట్ కొట్టిస్తారు. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్కును ఎంబీఆర్ నుంచి కొత్త జీపీటీ పద్ధతికి మార్చే ఎంబీఆర్2జీపీటీ (mbr2gpt) అనే మైక్రోసాఫ్ట్ పనిముట్టును ముందు వ్యాలిడేట్‌తో, అది సరేనంటే కన్వర్ట్‌తో నడపాలి. రెండుసార్లూ ‘అలోఫుల్‌ఓఎస్’ (/allowFullOS) జోడించాలి. ఆ తరువాతే బయాస్‌లో యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్ (బూట్ సమయంలో నమ్మదగని ప్రోగ్రాములను ఆపే రక్షణ) ఆన్ చేయాలి. ఫైళ్లు పోవు, అయినా బ్యాకప్ లేకుండా ఈ పనికి దిగవద్దు.

ర్యామ్ 4 జీబీ చాలని నిబంధన చెబుతుంది. ఆచరణలో 8 జీబీ లేకపోతే బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరవగానే ఈడుస్తుంది. పాత హార్డ్‌డిస్కు తీసి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ పెడితే వచ్చే వేగం ముందు, ర్యామ్ పెంచినందుకు వచ్చేది తక్కువే. రెండింట్లో ఒక్కదానికే డబ్బుంటే ఎస్‌ఎస్‌డీకే పెట్టండి.

ఈ ప్రాంతంలో నెట్ ఎక్కువమందికి ఫోన్ హాట్‌స్పాటే. విండోస్ 11 ఫైలు 5 జీబీ పైమాటే కాబట్టి రోజువారీ డేటా ప్యాకుతో తెగదు. ఫైబర్ ఉన్నచోట మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని తెచ్చుకోండి. భాష దగ్గర జాగ్రత్త. మీ విండోస్ అమెరికా ఇంగ్లిష్‌దై, పెన్‌డ్రైవ్ బ్రిటన్ ఇంగ్లిష్‌దైతే ‘ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచు’ అన్న ఎంపిక చేతికి రాదు. ఆ ఎంపిక మసకగా కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి, ముందుకు నొక్కితే ప్రోగ్రాములన్నీ పోతాయి. సీ డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉంచుకోండి. గాలివాన రోజున పని మొదలుపెట్టవద్దు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్, ల్యాప్‌టాప్‌కు నిండా చార్జింగ్ ఉండాలి. మధ్యలో కరెంటు పోతే విండోస్ చాలాసార్లు వెనక్కి వెళ్లి బతుకుతుంది. బయాస్ అప్‌డేట్ మధ్యలో పోతే మాత్రం బోర్డే పోవచ్చు.

ఎక్కించిన తరువాత వేలిముద్ర పరికరం ‘నాట్ రెడీ’ అంటే భయపడనక్కర్లేదు. డ్రైవర్, ఆర్‌డీ సర్వీస్ (వేలిముద్రను ఆధార్‌కు భద్రంగా పంపే సాఫ్ట్‌వేర్) రెండూ తీసేసి, తయారీ సంస్థ సైట్ నుంచి కొత్తవి వేయాలి. డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లోనే ఉంటుంది కాబట్టి కంప్యూటర్ తుడిచినా పోదు. కానీ టోకెన్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఇనిషియలైజ్’ జోలికి మాత్రం వెళ్లవద్దు. నొక్కితే సర్టిఫికెట్ తుడిచిపెట్టుకుపోతుంది, మళ్లీ డబ్బు కట్టి కొనుక్కోవాలి. ఏదో తేడా చేస్తే 10 రోజుల్లోపు రికవరీ నుంచి విండోస్ 10కు వెనక్కి వెళ్లవచ్చు. ఆ లోపు డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫోల్డరును తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

డీటీపీ సెంటర్ల సంగతి వేరు. సరిహద్దు ఊళ్లలో ఒకే యంత్రం మీద తెలుగు కార్డుకు అను ఫాంట్లు, ఒడియా కార్డుకు ఆకృతి ఫాంట్లు, రెండింటికీ పేజీలు తీర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్. ఈ ఫాంట్లు యూనికోడ్‌కు, అంటే అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతికి, ముందటివి. ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే కనిపించేది అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులే. పైగా పాత సాఫ్ట్‌వేర్ కొన్నింటికి 16 బిట్ సెటప్ ఉంటుంది, అది 64 బిట్ విండోస్‌లో తెరుచుకోదు. 32 బిట్ డ్రైవర్లను కూడా 64 బిట్ విండోస్ తీసుకోదు. కాబట్టి సాఫీగా నడుస్తున్న అలాంటి యంత్రాన్ని కదపవద్దనే మా మాట. విండోస్ 10తోనే ఉంచండి, నెట్ మాత్రం పూర్తిగా తీసేయండి. ఫాంట్లన్నీ పొందుపరిచిన పీడీఎఫ్ అక్కడ చేసి, పెన్‌డ్రైవ్‌తో వేరే యంత్రానికి తెచ్చి బరంపురం ప్రెస్సుకు పంపండి. బయటి నుంచి వచ్చే పెన్‌డ్రైవ్‌ను ముందు ఆ రెండో యంత్రంలో స్కాన్ చేయాలి. ఎప్పుడో తుడిచి కొత్తగా వేయాల్సి వస్తే డాక్యుమెంట్లతో పాటు విండోస్ ఫాంట్స్ ఫోల్డరు కూడా కాపీ చేసుకోండి. యూనికోడ్‌లో పనిచేసేవారికీ ఒక చిక్కుంది. కొత్తగా వేసిన విండోస్‌లో తెలుగుకు గౌతమి, ఒడియాకు కళింగ ఫాంట్లు ముందుగా ఉండకపోవచ్చు. వాటి బదులు నిర్మలా వచ్చి కూర్చుంటుంది, దాంతో పాత ఉత్తరాల్లో వరుసలు జరిగిపోతాయి. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు, ఒడియా సప్లిమెంటల్ ఫాంట్లు దించుకుంటే చక్కబడుతుంది.

అర్హత లేని ఇంటి కంప్యూటర్లకు ఇంకా కొంత వ్యవధి ఉంది. విండోస్ 10 22హెచ్2 వెర్షన్ ఉంటే, విండోస్ అప్‌డేట్ పేజీలో ‘ఎన్‌రోల్’ ద్వారా 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు బ్యాకప్ చేస్తే ఇది ఉచితం. ఆ తరువాత పిల్లల చదువుకు, ఉత్తరాలకు వాడేదైతే విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22 చాలు. దానికి 2029 వరకు అప్‌డేట్లు ఉంటాయి. డిస్కు ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, మీ ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో చూసుకున్నాకే వేయండి. క్యానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉన్నవారికి లినక్స్‌లో తిప్పలు తప్పవు. అర్హత లేని యంత్రంలో తనిఖీలు దాటించి విండోస్ 11 ఎక్కిస్తామనేవారూ ఉన్నారు. ఎక్కుతుంది, కానీ దానికి అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. డబ్బు పనులు చేసే యంత్రానికి అది వద్దు.

చివరగా దుకాణదారులకు ఒక విన్నపం. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా యంత్రాల్లో డిస్కుకు తాళం దానంతట అదే పడుతుంది. 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలోకి వెళుతుంది. మెకానిక్ తన సొంత ఈమెయిల్‌తో లాగిన్ చేసి ఇస్తే కస్టమర్ డిస్కు తాళంచెవి మెకానిక్ ఖాతాలో ఉండిపోతుంది. ఏడాది తరువాత బయాస్ మార్పుతోనో, బోర్డు మార్చినప్పుడో నీలితెర కీ అడిగితే, ఆ కీ లేనిదే ఫైళ్లు ఎవరూ తీయలేరు. కస్టమర్ ఈమెయిల్‌తోనే లాగిన్ చేయించండి, కీని కాగితం మీద రాయించి ఇవ్వండి. బిల్లు మీద మూడు సంగతులు రాయండి: లైసెన్స్ అసలుదా కాదా, ఏ ఈమెయిల్ వాడారు, పాత డిస్కు తిరిగి ఇచ్చారా. కస్టమర్లు ఆ మూడూ లేని బిల్లును తీసుకోవద్దు.

ఇట్లు,
కంప్యూటర్ మరమ్మతు పనివారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా