క్లచ్ గట్టిగా ఉందని స్ప్రింగుల జోలికి పోవద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ యువత పేజీలో డర్ట్ బైకుల (మట్టి, ఇసుక దారుల్లో నడిపే బళ్ల) మీద వచ్చిన వ్యాసాన్ని మా షాపులో కుర్రాళ్లు పైకి చదివి వినిపించారు. ఫొటోలు బాగున్నాయి. కానీ చివర్లో ఒక మాట రాశారు: హైడ్రాలిక్ క్లచ్‌కి మెయింటెనెన్స్ ఏమీ ఉండదు, లివర్ గట్టిగా అనిపిస్తే మెత్తటి స్ప్రింగులు వేయించుకుంటే చాలు అని. పేపర్లో వచ్చిందంటే నమ్మేవాళ్లు ఉంటారు, అందుకే ఈ ఉత్తరం.

నాది నెల్లూరు పొదలకూరు రోడ్డులో మెకానిక్ షాపు. మా దగ్గరికి ఎక్కువగా వచ్చే హీరో ఎక్స్‌పల్స్ లాంటి బళ్లకు కేబుల్ క్లచ్చే, అంటే లివర్ లాగితే తీగ క్లచ్‌ను లాగుతుంది. హైడ్రాలిక్‌లో తీగ బదులు ఆయిల్ ఉంటుంది: లివర్ దగ్గరున్న మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను నెడితే, ఇంజన్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్ క్లచ్‌ను విడదీస్తుంది. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న కవాసాకి కేఎక్స్, కేటీఎం ఎన్‌డ్యూరో బళ్లు అరుదు. రొయ్యల చెరువులున్న ఇళ్ల పిల్లలు టాటా ఏస్‌లో ఎక్కించుకొని తెస్తారు. కేఎక్స్ లాంటి బళ్లకు రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డెక్కించకూడదు. మీ ఫొటోలో ఆ అబ్బాయి తారు రోడ్డు మీద దూసుకుపోతున్నాడు. అది వేయకుండా ఉండాల్సింది.

స్ప్రింగుల సంగతికి వస్తాను. క్లచ్ ప్లేట్లను ఒకదానికొకటి అదిమి పట్టేవి ఆ స్ప్రింగులే. అవి మెత్తబడితే లివర్ తేలికవుతుంది, నిజమే. దాంతోపాటు ప్లేట్ల పట్టు కూడా సడలుతుంది. గట్టి నేల మీద అది వెంటనే తెలియకపోవచ్చు. పెన్న ఇసుకలో వెనక చక్రం సగం కూరుకున్నప్పుడు థ్రాటిల్ తిప్పితే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. లోపల ప్లేట్లు జారి కాలుతుంటాయి. వేలి నొప్పి తగ్గించుకోబోయి క్లచ్ ప్లేట్ల సెట్టు కొనుక్కోవడం ఏం తెలివి?

అసలు కొత్తలో బాగానే ఉన్న లివర్ తర్వాత గట్టిపడిందంటే తప్పు స్ప్రింగులది కాదు. మా వైపు ముందు చూడాల్సింది లివర్ తిరిగే బోల్టు. ఇటు పెన్న ఇసుక, అటు సముద్రపు ఉప్పు గాలి. పైగా ప్రెషర్ వాటర్‌తో కడిగిన ప్రతిసారీ బోల్టు దగ్గరున్న గ్రీజు కొట్టుకుపోతుంది. బోల్టు విప్పి, బుష్, మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను నెట్టే పుల్ల కొన శుభ్రంగా తుడిచి, అరిగితే మార్చి, కొంచెం గ్రీజు పెడితే చాలా బళ్లు అక్కడే తేలికవుతాయి. కానీ పావుగంట పని అంటే డబ్బులివ్వడానికి ఎవరికీ మనసొప్పదు, పెద్ద రిపేరు చెబితేనే నమ్మకం!

రెండోది పైసా ఖర్చు లేనిది. లివర్ క్లాంపు వదులు చేసి హ్యాండిల్ మీద కాస్త లోపలికి జరపండి, వేళ్లు లివర్ కొస మీద పడేలా. బోల్టుకు దగ్గరగా పట్టుకొని లాగితే ఎవరికైనా కష్టమే. ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి నడిపేటప్పుడు మణికట్టు వంగకుండా లివర్‌ను కొద్దిగా కిందికి తిప్పుకోవాలి కూడా.

ఇక ఆయిల్. కేఎక్స్‌లోనూ, బ్రెంబో కంపెనీ సిలిండర్ ఉన్న కేటీఎంలోనూ పోసేది బ్రేక్ ఆయిలే, డాట్ 4 రకం. మాగురా కంపెనీ సిలిండర్ ఉన్న బళ్లలో కొన్నిటికి మినరల్ ఆయిల్. ఏది పోయాలో లివర్ దగ్గరున్న ఆయిల్ ట్యాంకు మూత మీద ఉంటుంది. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక బండిలో, హైడ్రాలిక్ క్లచ్ కదా అని ఎవరో ట్రాక్టర్ హైడ్రాలిక్ ఆయిల్ పోసి పంపారు. అదీ మినరల్ ఆయిలే. బ్రేక్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు వాషర్లు మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బుతాయి. లివర్ లాగితే రాయిలా ఉంది, వదిలితే వెనక్కి రావడం లేదు. రెండు సిలిండర్ల వాషర్ కిట్లూ మార్చి, పైపంతా కడగాల్సి వచ్చింది.

డాట్ 4 గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తది 230 డిగ్రీల దాకా మరగకుండా ఉంటే, తేమ పట్టినది 155 దాటితే మరగవచ్చు. మూత తీసి పెట్టిన పాత సీసాలోది పోయకండి. రంగు నల్లబడితే మార్చేయండి. పైపులో చేరిన ఎయిర్ తీసేటప్పుడు పైనుంచి లివర్ పంపు చేస్తూ కూర్చోవడం కంటే, మెడికల్ షాపులో దొరికే కొత్త సిరంజితో కిందనున్న స్లేవ్ సిలిండర్ బ్లీడింగ్ స్క్రూ (ఎయిర్ వదిలే స్క్రూ) నుంచి ఆయిల్‌ను మెల్లగా పైకి నెట్టడం సులువు. బుడగలు ఎటూ పైకే పోతాయి. పైన ఆయిల్ పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, గుడ్డ చుట్టి పెట్టుకోండి.

ఎయిర్ ఉన్న లివర్ కూడా తేలిగ్గానే ఉంటుంది, గమనించండి. అది బాగుపడటం కాదు. గేరు వేసి క్లచ్ పూర్తిగా నొక్కినా బండి ముందుకు పాకుతుంటే, న్యూట్రల్ దొరక్కపోతే అనుమానించాలి.

ఇవన్నీ అయ్యాక కూడా గట్టిగానే ఉంటే అప్పుడు సిలిండర్ సైజు. మాస్టర్ సిలిండర్‌లో 10 మిల్లీమీటర్ల పిస్టన్ బదులు 9.5 ఉన్నది వేస్తే లాగే బలం పది శాతం దాకా తగ్గుతుంది. పెద్ద పిస్టన్ ఉన్న స్లేవ్ సిలిండర్ వేసినా ఇదే జరుగుతుంది. కానీ స్లేవ్ పిస్టన్ జరిగే దూరం కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. బోరింగు పంపుకి పొడవాటి చెయ్యి వేస్తే తేలిగ్గా కొట్టొచ్చు, కానీ ఎక్కువ దూరం ఊపాలి కదా, ఇదీ అంతే. దూరం మరీ తగ్గితే ప్లేట్లు పూర్తిగా విడిపోవు. కాబట్టి రెండు సిలిండర్లూ ఒకేసారి మార్చడం నాకు ఇష్టం ఉండదు.

మరొకటి, లివర్‌కి కొద్దిగా ఫ్రీ ప్లే వదలాలి, అంటే పని మొదలయ్యే ముందు లివర్ ఉత్తగా కదిలే సందు. టైట్ చేసి పెడితే రోహిణి కార్తె ఎండలో ఆయిల్ వేడెక్కి పెరిగినప్పుడు తిరిగి ఆయిల్ ట్యాంకులోకి పోయే దారి మూసుకొని ఉంటుంది. క్లచ్ దానంతట అదే సగం నొక్కినట్టయి జారుతుంది. మే నెలలో ఇలా వచ్చిన బండికి ప్లేట్లు విప్పక ముందు ఫ్రీ ప్లే చూడండని తోటి మెకానిక్‌లకు కూడా చెబుతున్నాను.

చోటు చాలక ఈ ఉత్తరం కత్తిరించాల్సి వస్తే ఏం తీసేసినా పర్వాలేదు, మూత మీద చూసి ఆయిల్ పోయమన్న ముక్క మాత్రం వేయండి.

ఇట్లు,
ఒక మెకానిక్,
పొదలకూరు రోడ్డు, నెల్లూరు