హెడ్‌రూమ్, టాయిలెట్లు, డక్టులకు సిమెంట్ బోర్డు పని: జమా ఖర్చుల వివరణ

ఫ్లాట్ల యజమానులకు, అద్దెకుంటున్నవారికి:

హెడ్‌రూమ్ (టెర్రస్ మీది మెట్ల గది), టాయిలెట్లు, డక్టులు (పైపులు దిగే సందులు), టెర్రస్ మీది సామాన్ల గదికి 2024 ఆగస్టులో మొదలై డిసెంబరులో ముగిసిన పనికి వసూలైన డబ్బు, అయిన ఖర్చు ఈ కింద ఇస్తున్నాం. మన అపార్ట్‌మెంటు విశాఖ తీరంలో, ఉప్పుగాలి నేరుగా తగిలే చోట ఉంది. కింద చెప్పిన చాలా ఖర్చులకు కారణం అదే.

జమ
24 ఫ్లాట్లకు తలా రూ. 9,000 చొప్పున రావలసింది: 2,16,000
22 ఫ్లాట్ల నుంచి పూర్తిగా వచ్చింది: 1,98,000
ఒక ఫ్లాటు సగం కట్టింది: 4,500
కార్పస్ నిధి (అపార్ట్‌మెంటు మూలధనం) నుంచి తీసుకున్నది: 40,000
కుళ్లిన ప్లైవుడ్, తుప్పు ఇనుము పాతసామానుకు అమ్మగా: 3,800
మొత్తం జమ: రూ. 2,46,300

మొత్తం ఖర్చు రూ. 2,35,030. చేతిలో నిల్వ రూ. 11,270.

బోర్డుకే ఇంతైందా అని చాలామంది అడిగారు. నిజానికి బోర్డుకైంది రూ. 40,850. అంటే వందకు పదిహేడు రూపాయలే. 10 మి.మీ. మందం, 8x4 అడుగుల షీట్లు 19 (ఒక్కోటి 1,550), 18 మి.మీ. షీట్లు 4 (ఒక్కోటి 2,850) కొన్నాం. 10 మి.మీ. షీటు ఒక్కోటి దాదాపు 40 కిలోలు, 18 మి.మీ.ది దాదాపు 70 ఉంటుంది. ఇద్దరు లేకుండా ఎత్తితే మూలలు విరుగుతాయి. అందుకే రవాణా, దింపుడు కూలికి 3,500 ఇచ్చాం.

బోర్డుకన్నా దాని వెనక ఇనుప ఫ్రేముకే ఎక్కువైంది. 450 కిలోల జీఐ (జింకు పూత ఇనుము) పైపు కిలో 88 చొప్పున 39,600. వెల్డింగ్ రాడ్లకు, కోసిన చివరలకూ అతుకులకూ పూసిన జింక్ పెయింటుకు 2,250. నిలువు పైపులు 16 అంగుళాలకొకటి పెట్టించాం. 24 అంగుళాలకు పెడితే కొంత డబ్బు మిగిలేది. కానీ చెయ్యి ఆనిస్తే బోర్డు ఊగుతుంది, ఊగితే టైల్స్ మధ్య గ్రౌటు చిట్లుతుంది.

సామానులో ఆ తర్వాతి పెద్ద పద్దు కంటికి కనపడనిది: స్క్రూలు, టేపు, జాయింట్ మోర్టార్, సీలెంటు, వాటర్‌ప్రూఫ్ పూత. అన్నీ కలిపి 24,080. సిమెంట్ బోర్డు నీళ్లకు ఉబ్బదు, కుళ్లదు. కానీ నీళ్లను ఆపదు కూడా. చెమ్మ దానిలోంచి అవతలికి పోతుంది. టాయిలెట్లలో బోర్డు మీద రెండు పూతల వాటర్‌ప్రూఫింగ్ (3,600) వేశాకే టైల్స్ అంటించింది అందుకే. బోర్డు అడుగుభాగం నేలకు తగలకుండా 10 మి.మీ. ఖాళీ వదిలి, అందులో సీలెంటు నింపారు. నేలకు ఆనిస్తే బోర్డు ఒత్తిలా నీళ్లు పీలుస్తుంది.

స్క్రూలు 1,400, ఒక్కోటి 7 రూపాయలు, మొత్తం 9,800. షీటుకు నాలుగు పైపులు, పైపు వెంట 8 అంగుళాలకొక స్క్రూ, అంటే షీటుకు 52. అంచు నుంచి 12 మి.మీ., మూల నుంచి 50 మి.మీ. లోపలికి బిగించారు, లేకపోతే అంచు పగులుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్క్రూ ఇనుప పైపును తనంతట తాను తొలుచుకుపోదు. ప్రతి చోటా ముందు 4 మి.మీ. బిట్టుతో రంధ్రం వేయాలి. కూలి రోజులు పెరగడానికి ఇదొక కారణం. తొలుచుకుపోయే స్టెయిన్‌లెస్ స్క్రూలూ దొరుకుతాయి, కానీ అవి వేరే రకం, సముద్రపు గాలికి తుప్పు పడతాయి.

ఇక్కడే మా పొరపాటు చెప్పాలి. హెడ్‌రూమ్‌కు మొదట మూడు రూపాయల జింకు పూత స్క్రూలు 500 (1,500), జాయింట్లకు లోపలి గోడలకు వాడే జిప్సం పొడి (1,100) కొన్నాం. అక్టోబరు వానలకు ప్రతి స్క్రూ కింద ఎర్రటి చార దిగింది. జాయింట్లలో పొడి గోరుతో గీరితే పేస్టులా ఊడొచ్చింది. అన్నీ తీసి స్టెయిన్‌లెస్ స్క్రూలు, ఫైబర్ మెష్ టేపు, పాలిమర్ మోర్టార్‌తో మళ్లీ చేయించాం. అదనపు రెండు రోజుల కూలి 6,400. మొత్తం నష్టం రూ. 9,000. ఆ సామాను ఎంచింది కమిటీయే. మేస్త్రీ మొదటి రోజే వద్దన్నాడు.

హెడ్‌రూమ్ మూడు గోడలకు 8 షీట్లు పట్టాయి. పెచ్చులూడిన ప్లాస్టరింగ్ గీకి, గోడ ఆరాకే ఫ్రేము నిలబెట్టారు. బోర్డుకూ గోడకూ మధ్య ఒక అంగుళం ఖాళీ ఉంది. కింద దోమల మెష్ పెట్టి తెరిచే ఉంచారు. లోపలికి పోయిన నీళ్లు దిగాలి, గాలి ఆడాలి. దయచేసి ఆ కింది సందును ఎవరూ సిమెంటుతో మూయకండి. షీట్ల మధ్య 3 మి.మీ. సందు వదిలారు, నాలుగు మూలలు ఒకచోట కలవకుండా అమర్చారు. బిగించక మునుపే ముందు, వెనక, నాలుగు అంచులకూ ప్రైమర్ పూశారు. ప్రైమరు, రంగులకు 8,600.

టెర్రస్ మీది సామాన్ల గదికి (16x8 అడుగులు) 18 మి.మీ. షీట్లు నాలుగూ పైకప్పుకు వాడాం. ఎనిమిది అడుగుల వెడల్పుకు 3 అంగుళాల వాలు ఉంది. బోర్డు ఇక్కడ పలక మాత్రమే, వాన ఆపేది పైనున్న తారు మెంబ్రేన్ (పొర). ప్రైమర్‌తో కలిపి దానికి 7,200. దాని మీద పూలకుండీలు, డిష్ స్టాండు పెట్టి మేకు దింపితే ఆ డబ్బు పోయినట్టే.

డక్టులకు అంతస్తుకొక షీటు, మొత్తం 5. వీటికి మాత్రం సీలెంటు వేయించలేదు. వెనక రబ్బరు పట్టీ పెట్టి స్క్రూలతోనే బిగించాం. లీకు వస్తే ప్లంబరు పగలగొట్టకుండా విప్పుకోవచ్చు.

టాయిలెట్లకు 6 షీట్లు పోయాయి. టైల్స్, అంటించే అడెసివ్, గ్రౌటు కలిపి 9,000. బస్తా మీద ఐఎస్ 15477 (టైల్స్ అడెసివ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర చూసి అడెసివ్ కొన్నాం. మామూలు సిమెంటు పాలతో అంటిస్తే బోర్డు అందులో నీళ్లు పీల్చేస్తుంది, ఆరు నెలల్లో టైలు డొల్లగా మోగుతుంది.

కూలి మొత్తం (పైన చెప్పిన అదనపు 6,400 కాక) 79,500: బోర్డు బిగించిన ముగ్గురికి 16 రోజులకు 51,200, వెల్డరుకు 9,000, టైల్స్ మేస్త్రీకి, సహాయకుడికి 6,300, పెయింటరుకు 5,500, ప్లంబరుకు 7,500. పరంజా అద్దె 6,000, చెత్త తరలింపు 3,000, కటింగ్ బ్లేడ్లు, మాస్కులు 2,450. బోర్డు కోస్తే లేచే పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు హాని. అందుకే టెర్రస్ మీదే, నీళ్లు చల్లుతూ కోయించాం. కింద వరండాలో కోయమని అడిగినవారికి కాదన్నది అందుకే.

అంచనా 2,16,000 మీద 19,030 ఎక్కువైంది. ఇంకా రావలసింది రెండు ఫ్లాట్ల నుంచి 13,500. అది, నిల్వ కలిపి 24,770 కార్పస్‌కు తిరిగి జమ చేస్తాం. అప్పటికీ అక్కడ 15,230 లోటు ఉంటుంది. దాన్ని ఎలా పూడ్చాలో వచ్చే సర్వసభ్య సమావేశంలో తేల్చాలి.

మిగిలిన స్క్రూలు, బోర్డు ముక్కలు సామాన్ల గదిలో ఉన్నాయి. ముక్కలను గోడకు ఆనించకండి, వంపు తిరుగుతాయి. బల్లపరుపుగా చెక్కల మీద పేర్చి ఉంచండి. బిల్లులు, వోచర్ల ఫైలు కార్యదర్శి దగ్గర ఉంది. ఆదివారాలు చూసుకోవచ్చు. లెక్కలో తేడా కనిపిస్తే 15 రోజుల్లో రాసివ్వండి.

— నిర్వహణ కమిటీ