కొత్తిమీర కట్టను ఏ నీటిలో ముంచుతున్నాం?

సంపాదకుడు గారికి,

నేను హనుమకొండ శివారులో అరెకరంలో కొత్తిమీర, పుదీనా, పాలకూర పండించే రైతును. కూరగాయల మీద పురుగుమందుల అవశేషాల గురించి మీ పత్రికలో తరచూ రాస్తున్నారు, మంచిదే. కానీ మనిషిని ఒక్క రాత్రిలో మంచాన పడేసేది మరొకటి ఉంది: పొలంలోనే ఆకుకు అంటుకునే బాక్టీరియా. దాని గురించి మాకు చెప్పినవారు లేరు.

మా దగ్గర జరిగేది చెబుతాను. సాయంత్రం కొత్తిమీర కోసి కట్టలు కడతాం. మట్టి పోవాలని, తెల్లవారేసరికి వాడిపోకూడదని పక్క కాలువలో ముంచుతాం. తడి గోనెసంచి కప్పి తెల్లవారుజామున ఆటోలో మార్కెట్‌కు తీసుకుపోతాం. ఆ కాలువలో పట్టణం మురుగు కలుస్తుంది. ఏళ్ల తరబడి నేనూ అదే చేశాను. నిరుడు మా మడిలో పుదీనాతోనే నూరిన పచ్చి పచ్చడి తిన్న మర్నాడు మనవరాలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. పచ్చడే కారణమని ఎవరూ తేల్చలేదు. అయినా ఆ తర్వాత కాలువలో కట్ట ముంచడానికి నాకు చేతులు రాలేదు.

ఈ-కోలై, సాల్మొనెల్లా వంటి బాక్టీరియాలు పశువుల పేగుల్లో, మనుషుల పేగుల్లో ఉంటాయి. పచ్చి పేడతో, మురుగునీటితో మడిలోకి వస్తాయి. కాడ తెగిన చోట, ఆకు ముడతల్లో చేరితే ఇంట్లో ఎంత కడిగినా పూర్తిగా పోవు. పప్పులో బాగా ఉడికిన పాలకూరతో ఈ భయం లేదు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, కీర, క్యారెట్‌తోనే చిక్కు. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ఈ-కోలై సోకి దాదాపు 4 వేల మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు.

మా తాతలు పెంటకుప్పను నెలల తరబడి మాగనిచ్చి ఎండాకాలంలో పొలానికి తోలేవారు. కుప్పను తిరగేస్తూ సరిగ్గా మాగబెడితే లోపలి వేడి 55 డిగ్రీలు దాటి ఈ క్రిములు చాలావరకు చస్తాయి. ఇప్పుడు వెంటవెంటనే పంట తీసే తొందరలో పచ్చి పేడే చల్లేస్తున్నాం. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల ప్రకారం, మట్టి తగిలే పంటకు పచ్చి పేడ వేస్తే 120 రోజులు గడిచాకే కోయాలి. మా కొత్తిమీర 40 రోజులకే కోతకు వస్తుంది!

తప్పంతా రైతుదేనని మాత్రం అనకండి. ఆ మురుగు మేము వదిలింది కాదు, పట్టణం వదిలింది. నేనిప్పుడు డ్రమ్ములో బోరు నీళ్లు పట్టి కడుగుతున్నాను, గంట పని పెరిగింది. ఆ బోరు నీరైనా మంచిదో కాదో నాకు పరీక్ష చేసి చెప్పాలి. పక్క మడి రైతుకు బోరే లేదు, ఆయనకు కాలువే దిక్కు. రైతు వేదికల్లో సాగునీటి నమూనాలు తీసుకుని బాక్టీరియా పరీక్ష చేయించాలి. ఆకుకూరలు దించే ప్రతి మార్కెట్‌లో కట్టలు కడుక్కోవడానికి మంచినీటి కుళాయిలు పెట్టాలి. కార్తీకంలో మేము కొత్తిమీర మళ్లు చల్లేలోపు ఈ రెండు పనులూ మొదలుపెట్టాలని ఉద్యాన శాఖను, నగరపాలక సంస్థను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆకుకూరల రైతు,
హనుమకొండ జిల్లా