ఓటరు చీటీలో వంద నోటు

గుంటూరు

అమ్మలూ,

మొన్న ఫోన్లో "రాజకీయాల్లో అందరూ దొంగలే నాన్నా, ఓటు కోసం ఇక అంతదూరం రాను" అన్నావు. ఆ పూట నేనేమీ మాట్లాడలేదు. పక్కనే మీ అమ్మ ఉంది. పైగా ఆ దొంగల్లో నేనూ ఒకణ్ణి.

2005లో నేను కార్పొరేటర్‌గా నిలబడినప్పుడు నీకు నాలుగేళ్లు. సైడు కాలువ మీద పలకలు వేయిస్తానని కరపత్రాలు కొట్టించి ఇల్లిల్లూ తిరిగాను. చివరి వీధిలో ఇడ్లీలు వేసే పెద్దావిడ కరపత్రం తీసుకుని, చూడకుండానే పొట్లాలు కట్టే కాగితాల్లో పెట్టేసింది. "గెలిచాక మళ్లీ కనపడతావా నాయనా? ఇచ్చేదేదో ఇప్పుడే ఇచ్చిపో" అంది. కోపంగా కాదు, కూరగాయల బేరం ఆడినట్టు.

ఎంత ఆశ అనుకున్నాను అప్పుడు. ఆశ కాదు. అరువిచ్చి నాలుగుసార్లు మునిగినవాళ్లు ఐదోసారి నగదే అడుగుతారు.

పోలింగ్ ముందురోజు రాత్రి మన కుర్రాళ్లు వచ్చి, అవతలివాళ్లు పంచేస్తున్నారన్నారు. మీ అమ్మ గాజులు తాకట్టుకెళ్లాయి. చీటీకో వంద నోటు మడిచి పెట్టి పంపాం. ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే. తెలిసే చేశాను. గెలిచాను.

ఆ ఏడే వానలకి కాలువ పొంగి ఆవిడ కొట్లోకి మురుగునీళ్లొచ్చాయి. పొద్దున్నే వచ్చి మన వరండాలో కూర్చుంది. నేను లోపల టిఫిన్ చేస్తూ, "డబ్బులు తీసుకుందిగా, ఇంకేం కావాలి?" అనుకున్నాను. పైకి అనలేదు. కానీ నింపాదిగా ఇంకో అట్టు వేయించుకు తిన్నాను.

జనం నమ్మకపోతే నాయకులు సిగ్గుపడతారని నువ్వనుకుంటావు. లేదమ్మా, ఎంత హాయిగా ఉంటుందో! నిన్ను నమ్మనివాడికి నువ్వేం బాకీ? లెక్క ముందే తేలిపోయింది కదా.

1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని తప్పుపట్టిందని నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవే వదులుకున్నారు. మన సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే అయిన వావిలాల గోపాలకృష్ణయ్య గారు చివరిదాకా అదే ఖద్దరుతో బతికారు. ఆ రోజుల్లో అందరూ మహానుభావులేనని కాదు, అప్పుడూ దొంగలున్నారు. కాకపోతే పరువంటూ ఒకటి ఉండేది, పోతుందన్న భయం ఉండేది. 'అందరూ దొంగలే' అని జనం ముందే తేల్చేశాక నాబోటిగాడికి పోయేదేముంది?

ఇంకో విచిత్రం విను. 2010లో మా పాలకవర్గం గడువు అయిపోయాక 2021 దాకా మన కార్పొరేషన్‌కి ఎన్నికలే లేవు. అధికారుల పాలన. తిట్టడానికి కార్పొరేటర్ లేక జనం మాజీనైన నా దగ్గరికే వచ్చి తిట్టిపోయేవాళ్లు. వీధిలైటు వెలగట్లేదనీ, కుక్కలు ఎక్కువయ్యాయనీ. మొదట్లో విసుగొచ్చేది. తర్వాత తర్వాత వాళ్లు రాని రోజున ఏదో వెలితిగా ఉండేది. తిడుతున్నారంటే నావల్ల ఏదో అవుతుందని ఇంకా అనుకుంటున్నట్టే కదా. ఇడ్లీల ఆవిడ మాత్రం ఆ వరండా పొద్దు తర్వాత మళ్లీ రాలేదు. పలకలు మూడో ఏడు వేయించాను, అదీ సగం వీధికే. ఆవిడ కొట్టు రెండో సగంలో ఉంది.

పోయిన ఎన్నికలకి, అంటే 2024 మేలో, నువ్వు రాలేదు. పోలింగ్ ముందురోజు సాయంత్రం ఒక కుర్రాడు లిస్టు పట్టుకుని మనింటికొచ్చాడు. మూడు ఓట్లని టిక్కు పెట్టుకుని కవరు తీశాడు. మీ అమ్మ వద్దంది. వాడు నా వైపు తిరిగి, నవ్వుతూనే, "మీరు చెప్పండి సార్, మీకు తెలియంది ఏముంది?" అన్నాడు.

మీ అమ్మ తలుపేసింది. నేను చాలాసేపు ఆ గదిలోంచి లేవలేదు.

గోంగూర పచ్చడి బస్సులో పంపుతున్నాను, ఆదివారం పొద్దున్నే వెళ్లి తీసుకో.

మీ నాన్న