బర్మా భూకంప సహాయ నిధి – జమా ఖర్చుల వివరణ

దాతలకు, గ్రామ ప్రజలకు నమస్కారం. 2025 మార్చి 28న బర్మాలో భూకంపం వచ్చాక ఏప్రిల్‌లో మన ఊళ్ళో వసూలు చేసిన సొమ్ము లెక్క ఇది. చెప్పడం ఆలస్యమైంది, ఒప్పుకుంటున్నాం. టీ కొట్టు దగ్గర అనుకుంటున్నట్టు వడ్డీకి మాత్రం తిప్పలేదు.

జమ: ఇంటింటి వసూలు రూ.94,350. కువైట్, దుబాయ్‌లలో ఉన్న మనవాళ్ళు రూ.58,000. రొయ్యల చెరువుల రైతులు రూ.21,000. రామాలయం దగ్గర డబ్బా రూ.6,150. మొత్తం రూ.1,79,500.

ఖర్చు: బర్మాకు రూ.1,20,000. వరదొచ్చిన గోదావరి లంక ఊళ్ళకు రూ.46,800. కరపత్రాలు, ఆటో రూ.3,460. ఆడిటర్‌కి రూ.1,500. నిల్వ రూ.7,740.

సెప్టెంబరు దాకా ఎందుకు ఆపారని అడుగుతున్నారు. బర్మాలోని మండలేలో ఇళ్ళు కూలితే ఇక్కడి నుంచి డబ్బు పంపడం అన్నవరం హుండీలో వేసినంత తేలిక కాదండి. మన కమిటీకి రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు ఒప్పుకోలేదు. ఒక మనిషి పేరున పంపొచ్చన్నారు గానీ, ఊరి సొమ్ము ఒకరి పాన్ మీద పంపితే రేపు ఆయనే సంజాయిషీ చెప్పుకోవాలి. బియ్యం పంపుదామని ఒకాయన పట్టుబట్టారు. మన దేశం బయటి నుంచి తెప్పించుకునే మినుముల్లో చాలా భాగం బర్మా నుంచే వస్తుంటే, వాళ్ళకి మనం బస్తాలు మోసుకెళ్ళేదేమిటి! చివరికి అక్కడ పనిచేస్తున్న ఒక సేవాసంస్థకు ఇక్కడి ఖాతాలో కట్టి రసీదు తీసుకున్నాం. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి అబ్బాయి పంపిన రూ.30,000 మాత్రం తిప్పి పంపేశాం. అది విదేశీ విరాళం కిందకి వస్తుంది, మనం తీసుకోకూడదు. కువైట్‌వాళ్ళవి భారత పాస్‌పోర్టులే కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. ఆ అబ్బాయి నొచ్చుకున్నాడు, ఏం చేస్తాం.

ఇక లంకల సంగతి. ఆగస్టులో గోదావరి వచ్చినప్పుడు చేతిలో డబ్బు పెట్టుకుని చూస్తూ కూర్చోలేకపోయాం. బర్మా పేరు చెప్పి వసూలు చేసి ఇక్కడ వాడటం తప్పేనని కొందరన్నారు. మనవాళ్ళు మునుగుతుంటే బర్మా ఏమిటని ఇంకొందరన్నారు. దాతలందరికీ ఫోన్ చేశాం. తొమ్మిదిమంది వద్దన్నారు, వాళ్ళ వంతు పైసా ముట్టకుండా బర్మాకే పంపాం. మిగతావాళ్ళ డబ్బులో కొంత తీసి పాలు, నీళ్ళ టిన్నులు, టార్పాలిన్లు పంచాం. పడవ మనిషికిచ్చిన రూ.1,200కి బిల్లు లేదు. నడి ఏట్లో రసీదు ఎవరు రాస్తారు?

బర్మాకే ఎందుకన్న వాళ్ళకి ఒక మాట. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి రంగూను ఓడెక్కిన ముత్తాతలు ఈ ఊళ్ళో చాలా ఇళ్ళకి ఉన్నారు. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. 1942లో జపాన్ దాడికి బర్మా విడిచి అడవుల్లో నడిచి వచ్చినవాళ్ళకి దారిలో గంజి పోసిందెవరో ఆ ఇళ్ళ పెద్దవాళ్ళనే అడగండి.

మైకులో చదివించి ఇంకా ఇవ్వనివి రూ.22,000 ఉన్నాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచాక రొయ్య ధర పడింది, చెరువులవాళ్ళని మేం అడగం. చెరువులు లేనివాళ్ళకేమయిందో మాత్రం తెలియదు. పేర్లు రాయలేదు, దసరా దాకా చూస్తాం.

బిల్లులన్నీ ఆదివారం పొద్దున రామాలయం అరుగు మీద ఉంటాయి. అనుమానం ఉన్నవాళ్ళు కళ్ళజోడు తెచ్చుకోండి.

– కమిటీ సభ్యులు