గడ్డ లేచిన ప్రతిసారీ టీబీయేనా?

సంపాదకుల వారికి,

టీబీ కోసం ఊరూరా పరీక్షలు చేస్తున్నారు, మంచిదే. కానీ టీబీ మందులు కోర్సంతా మింగినా మళ్లీ గడ్డలు లేచే పిల్లలను పట్టించుకునేవాళ్లు లేరు.

నర్సంపేటలో మా మందుల షాపుకొచ్చే ఒక ఇంటి బాబుకు, టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా వేసిన ఎడమ వైపే చంకలో గడ్డ లేచింది. తర్వాత మెడలో, ఆ తర్వాత కాలేయంలో చీము. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షిస్తే గ్రాన్యులోమా (రోగనిరోధక కణాలు గుమిగూడి కట్టిన ముద్ద) అని రిపోర్టు. మన దగ్గర ఆ రిపోర్టు వస్తే ముందు టీబీనే అనుమానిస్తారు. రెండోసారీ అవే మందులు రాశారు. చివరికి హైదరాబాదులో తేలింది, అది పుట్టుకతో వచ్చిన రోగనిరోధక లోపమని: క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్, సీజీడీ.

ఈ పిల్లల తెల్లకణాలు క్రిములను మింగుతాయి గానీ కొన్నిటిని చంపలేవు. పెంటకుప్ప దగ్గరో, బూజు పట్టిన గడ్డివాము దగ్గరో ఆడుకున్నా ఊపిరితిత్తులకు ఫంగస్ పట్టొచ్చు. పల్లెలో పిల్లాణ్ని వాటికి దూరంగా పెంచడం ఏ తల్లి వల్ల అవుతుంది? రోజూ వేయాల్సిన యాంటీబయాటిక్ కోట్రైమాక్సజోల్ చవకే, ఫంగస్ రాకుండా వాడే ఇట్రాకొనజోల్‌తోనే జేబుకు చిల్లు.

జబ్బును పట్టేది డీహెచ్ఆర్ అనే, తెల్లకణాల పనితీరు చూసే రక్తపరీక్ష. కొద్దిపాటి రక్తం చాలు, కానీ తాజాగా, ఒక రోజులోపు ల్యాబుకు చేరాలి. కాజీపేటలో రైలెక్కితే హైదరాబాదు ఎంత దూరం? జిల్లాకో మిషన్ అడగడం లేదు. పొద్దున తీసిన రక్తాన్ని సాయంత్రానికి చేర్చే మనిషి ఉంటే చాలు.

కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానంలో, మూలకణ మార్పిడితో నయమయ్యే జబ్బుల కింద సీజీడీ ఉంది. రూ.50 లక్షల దాకా సాయం అందే వీలుంది. హైదరాబాదులో డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఆ విధానం కింద అరుదైన జబ్బుల కేంద్రాన్ని నడుపుతున్నాయి. ఆ తండ్రికి ఈ సంగతి అప్పులయ్యాక గానీ తెలియలేదు.

సీజీడీ ఎక్కువగా తల్లి ద్వారా మగపిల్లలకు వస్తుంది. (దానికి కోడల్ని ఆడిపోసుకునే అత్తగార్లకు దండం.) అలాంటి ఇంట్లో మరో బిడ్డ పుడితే పరీక్ష అయ్యేదాకా బీసీజీ ఆపాలి. మిగతావాళ్లు మాత్రం టీకా మానకూడదు. ఈ పిల్లలకు నిజంగా టీబీ కూడా రావచ్చు కాబట్టి, మందులు సొంతంగా ఆపొద్దు.

పిల్లలకు రెండోసారి టీబీ మందులు మొదలుపెట్టేటప్పుడు డీహెచ్ఆర్‌కు కూడా రక్తం పంపాలని సర్కారు దవాఖానల పిల్లల వార్డులకు వైద్యారోగ్య శాఖ ఆదేశాలివ్వాలి. ఆ పరీక్ష ఖర్చు, శాంపిల్ రవాణా ప్రభుత్వమే భరించాలి.

– ఒక ఫార్మసిస్టు, నర్సంపేట, వరంగల్ జిల్లా