తొలకరి తీగలు పెట్టేవారికి

అందరికీ నమస్కారం. మృగశిర కార్తె వచ్చింది, మొన్నటి రెండు వానలకు మిద్దె మీద మట్టి మెత్తబడింది. బీర, సొర, కాకర పెట్టడానికి ఇదే అదను. కాకర గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి పెట్టండి.

దయచేసి కుండీల అడుగు రంధ్రాలను పుల్లతో పొడిచి చూడండి. నిరుడు నేను చూడలేదు. ఒక్క రాత్రి వానకు నీరు నిలిచి, పందిరెక్కిన సొర తీగ మూడు రోజుల్లో వాడిపోయింది. పీకి చూస్తే వేరంతా కుళ్లిపోయి ఉంది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

వేసవిలో పెట్టిన తీగలకు పూత ఉన్నా పిందె నిలవడం లేదని చాలామంది అడుగుతున్నారు. మొదట వచ్చేవి ఎక్కువగా మగపూలే, కంగారు పడకండి. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, ఆ వేళకు తేనెటీగలు గూటికి చేరిపోతాయి. కాబట్టి మగపువ్వు కోసి, రేకులు వలిచి, పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దండి. నిన్న అద్దిన నాలుగు సొర పిందెలూ ఈ ఉదయం పచ్చగా నిలబడి ఉన్నాయి!

పిందె మీద సూదిపోటంత మచ్చ, దానిపై జిగురు చుక్క కనిపిస్తే అది పండు ఈగ పని. అలాంటివి కోసి లోతుగా పాతిపెట్టండి. మంచి పిందెలకు పల్చని గుడ్డ సంచి తొడగండి.

నా దగ్గర గుప్పెడు నాటు బీర గింజలు ఉన్నాయి. కావలసినవారు ఆదివారం ఉదయం వచ్చి తీసుకోండి.